మంచుకు వెళ్ళే పిల్లకు ఉన్ని బట్టలు

విశాఖపట్నంలో చలికాలం వచ్చిందని మాకు తెలిసేది పంచాంగం చూసి కాదు. తెల్లవారుజామున బీచి రోడ్డున నడిచే పెద్దమనుషుల నెత్తిన మంకీ క్యాపులు చూసి. ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు దిగిందో లేదో, చెవులకు మఫ్లర్లు, భుజాల మీద శాలువాలు బయటపడతాయి. ఢిల్లీలో కాపురముంటున్న మా తోటికోడలు ఒకసారి ఆ వేషాలు చూసి పడి పడి నవ్వింది. "ఇదా అక్కయ్యా చలి! మాకిది వసంతకాలం" అంది.

ఆమె నవ్విందని కోపం తెచ్చుకోవడానికి లేదు. సముద్రపు నీరు నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారుతుంది. దాని ఒడ్డున ఉన్నవాళ్ళం గనుక అసలైన చలి అంటే ఏమిటో మాకు తెలియదు. మా బీరువాలో ఉన్ని బట్టలెన్ని అని లెక్కపెడితే మా మామగారి శాలువా ఒకటి, పెట్టె అడుగున మా అన్నయ్య ఇచ్చిన పాత స్వెట్టరు ఒకటి, అంతే.

అటువంటి ఇంట్లో కిందటేడు డిసెంబరులో మా అమ్మాయి కాలేజీ నుంచి వస్తూనే, "అమ్మా! ఫిబ్రవరిలో గుల్‌మర్గ్ వెళ్తున్నాం. స్కీయింగు నేర్చుకునే శిబిరం. ఆరుగురం ఆడపిల్లలం, ఇద్దరు మేడమ్‌లు. రెండు వారాలు!" అంది.

స్కీయింగంటే తెలుసుగా? రెండు పొడవాటి బద్దలు కాళ్ళకు కట్టుకుని, మంచు వాలు మీద జర్రున జారుతూ పోయే ఆట. గుల్‌మర్గ్ కాశ్మీరంలో శ్రీనగరానికి 50 కిలోమీటర్ల దూరాన, సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. ఫిబ్రవరి రాత్రుల్లో అక్కడ నీళ్ళు గడ్డకట్టే స్థానానికి ఎన్నో డిగ్రీలు దిగువకు పోతుంది. 

నేను "వద్దు" అన్నాను. మా వారు, అమ్మాయి కూడా ఆశ్చర్యపోయారు. కాని నా భయానికి కారణం మా అబ్బాయికి మాత్రం తెలుసు. వాడు గప్‌చిప్‌గా పుస్తకంలోకి తల దూర్చేశాడు.

లంబసింగిలో ఆ తెల్లవారుజాము

అప్పటికి ఆరేళ్ళ కిందటి మాట. వాడికి తొమ్మిదేళ్ళు. సంక్రాంతి సెలవుల ముందు, అందరూ వెళ్తున్నారు గదా అని మేమూ లంబసింగి బయల్దేరాం. 2022 నుంచి ఆ ఊరు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది; 'ఆంధ్రా కాశ్మీరు' అని పేరు. అక్కడివాళ్ళు దాన్ని 'కొర్రబయలు' అని కూడా అంటారు. బయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ మాటకు అర్థం చెబుతారు. ఎత్తు దాదాపు 1,000 మీటర్లు. ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది. దానికి తోడు మబ్బులేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తే, చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారి అక్కడే నిలుస్తుంది. అందుకే విశాఖలో ఫ్యాను తిరుగుతున్న రాత్రే అక్కడ పళ్ళు టకటకలాడతాయి.

రాత్రి కారులో బయల్దేరి, నర్సీపట్నం మీదుగా తెల్లవారకముందే చేరాం. అబ్బాయికి నూలు బనీను, నూలు చొక్కా, జీన్సు ప్యాంటు, పైన ఎర్రటి దళసరి స్వెట్టరు తొడిగాను. ఆ స్వెట్టరు ఒక దుకాణంలో "అచ్చమైన ఉన్ని, తల్లీ" అని చెబితే కొన్నది. చేత్తో పట్టుకుంటే బరువుగా ఉంది. ఇంక చలి ఏం చేస్తుందిలే అని నా ధీమా.

మబ్బుల సముద్రం చూడాలని చెరువులవేనం కొండ ఎక్కాం. వాడు మా కంటె ముందు పరుగులు పెడుతూ ఎక్కి, చెమటతో తడిసిపోయాడు. పైకి చేరాక పొగమంచు కమ్ముకుని సన్నని తుంపరలా పడింది, గాలి తగిలింది. పావుగంటలో వాడు వణకడం మొదలుపెట్టాడు. కాసేపటికి "ఇంటికి పోదాం" అన్న మాట కూడా నాలుక మడతపడి ముద్దగా వచ్చింది. స్వెట్టరు బొత్తాం విప్పుకోమంటే వేళ్ళు పనిచేయలేదు. నేను పిలుస్తుంటే నా వంక చూస్తున్నాడే గాని పలకడం లేదు.

మా వారు వాణ్ని భుజాన వేసుకుని దిగారు. కింద టీ కొట్టు పెద్దాయన ఒక్క చూపులో సంగతి గ్రహించాడు. "తడిబట్టలు తీసేయండమ్మా, ముందు!" అన్నాడు. ఒళ్ళు పొడిగా తుడిచి, తాను కప్పుకున్న నల్ల కంబళి తీసి వాడికి చుట్టేశాడు. ముతకది, పొగ వాసన వేస్తున్నది. మా వారు కంగారుగా కాళ్ళు రుద్దబోతే, "రుద్దొద్దు బాబూ, దానంతట అదే రావాలి" అని ఆపాడు. నెగడుకు కాస్త దూరంగా కూర్చోబెట్టి, తెలివిగా ఉన్నాడని చూసుకుని, తియ్యటి వేడి టీ గుక్క గుక్కగా పట్టించాడు. చాలాసేపటికి, "అమ్మా, ఆకలి" అన్నాడు. ఆ రెండు మాటలూ విన్నాక నాకు ఏడుపు ఆగలేదు.

డాక్టర్లు చెప్పేదీ ఆ పెద్దాయన చేసిందే. తడి తీసేయాలి, కప్పాలి, మెల్లగా వెచ్చబరచాలి. రుద్దకూడదు, సారా పోయకూడదు. మాట ముద్దగా రావడం, పలకరిస్తే పలకకపోవడం ప్రమాద సూచనలు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

తప్పు ఎక్కడ జరిగింది?

ఇంటికి వచ్చాక ఆ ఎర్ర స్వెట్టరు కుట్టులోంచి ఒక దారం లాగి, చిమ్టాతో పట్టుకుని దీపానికి చూపాను. భగ్గుమని మండి, కరిగి, చివర నల్లటి గట్టి పూసలా మిగిలింది. ఉన్ని అలా మండదు. నెమ్మదిగా కమురుతుంది, దీపం నుంచి తీసేస్తే ఆరిపోతుంది, వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, మిగిలిన మసి వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది. ఉన్ని కూడా మన జుట్టులాగే కెరటిన్ అనే పదార్థం గదా! నేను కొన్నది ఆక్రిలిక్. ఆక్రిలిక్ చెడ్డదని కాదు. బీచి రోడ్డు చలికి అది చాలు, చవక కూడా. కాని నాకు చెప్పిన మాట వేరు, ఇచ్చిన సరుకు వేరు.

ఇకపోతే లోపల వేసిన నూలు. ఎండదేశంలో నూలుబట్టను మించినది లేదు. చెమట పీల్చుకుంటుంది, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. ఆ గుణమే చలిలో శత్రువై కూర్చుంటుంది. తడిసిన నూలు ఒంటికి అంటుకుపోతుంది, దానిలోని గాలి అరలు నీటితో నిండుతాయి. గాలి కంటె నీరు ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది. వాడి ఒంటి మీద చొక్కా కాదు, తడిగుడ్డ ఉందన్నమాట. తప్పులో సగం దుకాణందారుది, సగం నాది.

ఉన్ని పోగు వంకీలు తిరిగి ఉంటుంది. ఆ వంకీల మధ్య గాలి చిక్కుకుని, ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. పైగా తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పోగు లోపలికి లాక్కుని కూడా, ముట్టుకుంటే తడి తెలియనివ్వదు. అలా తేమను పీల్చేటప్పుడు కొద్దిగా వేడిని కూడా పుట్టిస్తుంది. టీ కొట్టు పెద్దాయన ముతక కంబళికి ఈ శాస్త్రమంతా ఎవరూ చెప్పనక్కరలేదు. మన కురుమలు దక్కనీ నల్లగొర్రె ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించే గొంగళి వానకూ చలికీ పనికొచ్చేది ఇందుకే. మన కోస్తాలో పెరిగే నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని ఉండదు, ఉత్త వెంట్రుకే. కాబట్టి గొర్రెలు కళ్ళముందు తిరుగుతున్నా ఉన్ని సంగతి మనకు తెలియకపోవడంలో వింత లేదు.

ఉక్కు సాక్ష్యం, ఓడ సాక్ష్యం

ఈ కథంతా మళ్ళీ తవ్వి పోశాక మా వారు నవ్వారు. ఆయన ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి. "1,600 డిగ్రీల కరిగిన ఉక్కు దగ్గర పనిచేసేవాళ్ళం మేము. నైలాను, పాలియెస్టరు ఒంటి మీద ఉంటే నిప్పురవ్వ పడగానే కరిగి చర్మానికి అతుక్కుంటాయి. ఉన్ని కరగదు, 570 డిగ్రీలు దాటితే గాని అంటుకోదు. లోహపు చుక్క పడ్డా జారిపోతుంది. అందుకే లోహపు కొలుముల దగ్గర వాడే రక్షణ దుస్తుల్లో ఉన్నికి చోటుంది. నిప్పుకే తట్టుకున్నది మంచుకు భయపడుతుందా?" అన్నారు. 

"నిప్పూ మంచూ ఒకటేనటండీ?" అన్నాను.

"తెలంగాణలో పాకాల గ్రామం పిల్ల, మాలావత్ పూర్ణ, గురుకుల విద్యార్థిని, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పధ్నాలుగేళ్ళు కూడా నిండలేదు. నీ కూతురికి పందొమ్మిది. అదీ జారుడుబల్ల మీదికి!"

ఆదివారం మా అన్నయ్య వచ్చాడు. ఆయన ముప్పై ఏళ్ళు సరుకు ఓడల్లో తిరిగిన మనిషి. సంగతి విని, "నేనిచ్చిన స్వెట్టరు ఏం చేశావే?" అన్నాడు. పెట్టె అడుగు నుంచి తీశాను. ముదురు నీలం రంగు, మోచేతి దగ్గర రెండు చిల్లులు. మన ఉక్కు కర్మాగారానికి బొగ్గు వచ్చే ఆస్ట్రేలియా నుంచే తెచ్చాడు దాన్ని. మెడ దగ్గర చీటీ మీద ఉన్ని ఉండలా చుట్టుకున్న గీతల గుర్తుంది. 'ఊల్‌మార్క్' అనే ఆ గుర్తు 1964లో మొదలైంది. అచ్చమైన ఉన్నికి నిదర్శనం. దారం లాగి కాల్చాం. వెంట్రుక వాసన!

"చలి సముద్రాల్లో డెక్కు మీద అలలు మీద పడుతుంటే దీనితోనే నిలబడ్డాను. తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. ఎవరెస్టు దారిలో 1924లో కనిపించకుండా పోయిన మాలరీ తెలుసా? 1999లో ఆయన శరీరం దొరికినప్పుడు ఒంటి మీద పట్టు, నూలు, ఉన్ని పొరలు పొరలుగా ఉన్నాయి. 2006లో అచ్చంగా అటువంటివే కుట్టించి ఎవరెస్టు మీద తొడిగి చూస్తే బాగానే పనిచేశాయట. పొరలు, చెల్లీ, పొరలు! ఒక్క దళసరి బట్ట కాదు."

నేను "సరే" అన్నాను. కాని ఒక షరతు పెట్టాను. బట్టలు నేను ఎంచుతాను.

మూడు పొరలు

మొదటిది ఒంటికి ఆనే పొర. ఇందులో నూలు పనికిరాదు, బనీనుతో సహా. సన్నని మెరీనో ఉన్ని పొడుగుచేతుల లోచొక్కా, లోపైజామా కావాలి. ఉన్ని గుచ్చుకుంటుందని మనవాళ్ళ ఫిర్యాదు. గుచ్చుకునేది 30 మైక్రాన్లకు మించిన లావు పోగు. మెరీనోలో 17 నుంచి 19 మైక్రాన్ల పోగు దొరుకుతుంది. మన తలవెంట్రుక దానికి మూడు నాలుగు రెట్లు లావు. కొనేటప్పుడు లోచేతి మీద, మెడ మీద రుద్ది చూడండి. ఒంటికి పట్టినట్టు ఉండాలి, బిగించకూడదు. వంగితే నడుం బయటపడనంత పొడుగుండాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు వందసార్లు పడతారు, మంచు దూరేది ఆ నడుం సందులోంచే.

ధర చూసి నా గుండె గుభేలుమంది. ఒక్క లోచొక్కా వెలకు మామూలు స్వెట్టర్లు నాలుగు వస్తాయి. అయితే ఉన్నికి చెమట వాసన తొందరగా పట్టదు. రెండు జతలు మార్చి మార్చి వేసుకుంటే రెండు వారాలు గడుస్తుంది. అవీ కొనలేని వారికి పాలియెస్టరు లోబట్టలున్నాయి. చెమటను త్వరగా బయటికి పంపి తొందరగా ఆరతాయి. వాసన మాత్రం భరించాలి.

రెండోది వెచ్చదనం నిలిపే పొర. దీనికే అన్నయ్య స్వెట్టరు. చిల్లులు రఫూ చేశాను. ఇది కాస్త వదులుగా ఉండాలి; బిగువైతే గాలి నిలవడానికి చోటుండదు. మూడోది గాలిని, మంచును ఆపే పై కోటు, పై ప్యాంటు. ఇక్కడ ఉన్ని పని లేదు. ఎంత మంచి ఉన్ని అయినా గాలి దూసుకుపోతే ఓడిపోతుంది, పూర్తిగా నానితే బరువెక్కి ఆలస్యంగా ఆరుతుంది. ఆ కోటు, ప్యాంటు, స్కీలు, బూట్లు గుల్‌మర్గ్‌లో అద్దెకు దొరుకుతాయి. రెండు వారాల కోసం వేలు పోసి కొనడం తెలివితక్కువ. ఒంటికి ఆనేవి కొనండి, పైవి అద్దెకు తీసుకోండి.

అన్నిటికంటె ముఖ్యం, చెమట పట్టకముందే ఒక పొర తీసేయడం. ఆగి నిలబడగానే తిరిగి తొడుక్కోవడం. మా అబ్బాయి కొండ ఎక్కేటప్పుడు ఆ స్వెట్టరు తీసేసి ఉంటే, పైకి చేరాక పొడి బట్ట మీద తొడిగి ఉంటే, అంత దూరం వచ్చేది కాదు.

కాళ్ళూ, చేతులూ, తలా

మేజోళ్ళు రెండు జతలు వేస్తే రెట్టింపు వెచ్చదనం అనుకున్నాను. తప్పట! స్కీ బూటు బిగువైనది. లోపల దళసరి అయితే రక్తం ఆడదు, వేళ్ళు ఇంకా చల్లబడతాయి. మోకాలి దాకా వచ్చే ఒక్క జత ఉన్ని మేజోళ్ళు చాలు. అరగకుండా కొంచెం నైలాను కలిసినవి మేలు. రాత్రి పడుకునేటప్పుడు వేరే పొడి జత ఉండాలి. వేళ్ళు విడివిడిగా ఉన్న చేతి తొడుగుల కంటె నాలుగు వేళ్ళూ ఒకే అరలో ఉండేవి వెచ్చన.

టోపీ కోసం వెతుకుతుంటే, ప్రతి శీతకాలం మన పట్టణాలకు స్వెట్టర్లు తెచ్చి అమ్మే టిబెటన్ వర్తకుల దగ్గరికి వెళ్ళాను. ఒక పెద్దావిడ అచ్చమైన తెలుగులో, "ఇది లూధియానా సరుకమ్మా. ఉన్ని కాదు, ఆక్రిలిక్. మీ ఊరికి చాలు. పాపను ఎక్కడికి పంపుతున్నావు?" అని అడిగింది. గుల్‌మర్గ్ అనగానే చేతిలోది పక్కన పెట్టి, మూటలోంచి చెవులు మూసే ఉన్ని టోపీ తీసి ఇచ్చింది. ఆ ముందు దుకాణంలో నాకు దొరకని నిజం ఇక్కడ అడగకుండానే దొరికింది.

ఉతకడం, దాచడం

ఉన్నిని వేడినీళ్ళలో వేసి బాదారో, పదేళ్ళ పిల్లదాని స్వెట్టరు పాపాయికి సరిపోతుంది! ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడికీ రాపిడికీ అవి ఒకదానిలో ఒకటి దిగి ముడుచుకుపోతాయి. చన్నీళ్ళలో కుంకుడురసంతో మెల్లగా జాడించి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో పరచి ఆరబెట్టాలి, తగిలిస్తే సాగుతుంది. మరకలు తినే ఎంజైములున్న సబ్బుపొడి వాడొద్దు, అది ఉన్నినీ తింటుంది. చిమ్మట పురుగుకు ఇష్టమైనది చెమట, తిండి మరక ఉన్న ఉన్ని. బాగా ఉతికి, మా సముద్రపు తేమ లేకుండా పూర్తిగా ఆరాకే మూసి ఉన్న సంచిలో దాచాలి. అన్నయ్య స్వెట్టరుకు చిల్లులు పడింది నా బద్ధకం వల్లనే.

ఆ తరవాత

అమ్మాయి వెళ్ళిన రెండో రోజు రాత్రి ఫోను చేసింది. "చేతి తొడుగులు తడిసిపోయాయమ్మా, చవకవి గదా!" అంది. నా ప్రాణం లంబసింగికి పోయింది. "మాట స్పష్టంగా వస్తోందా? వేళ్ళు ఆడుతున్నాయా?" అని అడిగాను. "వస్తోంది, ఆడుతున్నాయి. మేడమ్ వేరే జత అద్దెకు ఇప్పించారు" అని నవ్వింది. నేను అంత వెతికి కొన్నవాటిలో పొరపాటు పడింది ఆ తొడుగులొక్కటే.

మార్చి మొదట్లో తిరిగి వచ్చింది. ముక్కు మీద చర్మం ఊడిపోయి ఉంది. మంచు ఎండను అద్దంలా తిప్పికొడుతుందని ఎన్నిసార్లు చెప్పినా లేపనం రాసుకోవడం మరిచిందట. లోచొక్కాలు మాత్రం పొగిడింది. "మావయ్య స్వెట్టరు అడిగి తీసుకుని మా మేడమ్ కూడా ఒక పూట వేసుకున్నారు" అంది. మొదట రెండు మూడు లోపాలు చెప్పబోయింది గాని, గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడం ఎందుకని ఊరుకుంది కాబోలు.

ఈ చలికాలం అబ్బాయిని తీసుకుని మళ్ళీ లంబసింగి వెళ్ళాం. వాడిప్పుడు నా కంటె పొడుగు. అక్క లోచొక్కా, మావయ్య స్వెట్టరు, పైన వానకోటు. కొండ ఎక్కేముందు ఎవరూ చెప్పకుండానే స్వెట్టరు తీసి నడుముకు కట్టుకున్నాడు. దిగివచ్చి టీ కొట్టు పెద్దాయనకు మేము తెచ్చిన కొత్త రగ్గు ఇచ్చాం. ఆయన వాణ్ని కిందినుంచి పైదాకా చూసి, "ఆ పిల్లాడేనా!" అన్నాడు. రగ్గు తీసుకుని ముసలావిడకు ఇచ్చాడు. తాను మాత్రం ఆ నల్ల కంబళే కప్పుకుని, మాకు నాలుగు టీలు పోశాడు. డబ్బులు తీసుకోలేదు.